కూటనాణెము – నగరరక్షకుని ధర్మము
(లింగంపేట గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

రజతోత్సవమనగా వెండి పండుగ. వెండి పేరిట జరుగు పండుగనాడు వెండి నాణెమును గూర్చియు, దాని వేషము వేసికొని వీధిలో తిరుగు దొంగనాణెమును గూర్చియు ముచ్చటించుకొనుట అసందర్భము కానేరదు. దొంగనాణెము చేయువానిని వెదకి పట్టుకొనుటకు రాజు పంపిన యువకుని కథ మన ప్రాచీన శాస్త్రమున నొకటి యున్నది. అది కథగా వ్రాయబడలేదు; రెండు మూడు సూత్రములుగా వ్రాయబడినది. ఆ సూత్రములను విప్పి చూచినచో కథ దానంతట అదియే కనబడును. అందలి ధర్మము నేటి సంతలో కూరగాయలు కొను చేతికిని వర్తించును. నేటి ప్రసంగమునకు విషయమిదియే.

కూటము అనగా మోసము. కూటసాక్షి యనిన దొంగసాక్షి. కూటతుల యనిన దొంగత్రాసు. అట్లే కూటరూపమనిన దొంగనాణెము. రూపము అను మాటకు పూర్వము నాణెమను అర్థమును గలదు. రూపము ముద్రింపబడినది రూప్యము. ఆ మాటయే లోకవ్యవహారమున నలిగి రూపాయి యైనది.

నాణెమునకు మూడు సాక్ష్యములు గలవు. తూకము మొదటిది. వన్నె, అనగా లోహపు శుద్ధి, రెండవది. ముద్ర మూడవది. తూకమును త్రాసు చెప్పును. వన్నెను గీటురాయి చెప్పును. ముద్రను కన్ను చెప్పును. వెండి నాణెముల కాలమున శరాబు నాలుగవ సాక్ష్యమును గూడ అడిగెడివాడు. నాణెమును రాతిపై వేసి దాని మ్రోత వినెడివాడు. వెండి మ్రోగిన తీరు వేరు, సీసము కలిసినది పలుకు తీరు వేరు. ఈ విద్య తెలిసినవానిని మన పెద్దలు నోటకాడు అనిరి. నాణెము నోటము చూచువాడు నోటకాడు.

అయితే అందరును నోటకాండ్రు కారు. ఇక్కడనే దొంగనాణెము పాపమంతయు నున్నది. చేసినవాడు లాభపడును. మొదట పుచ్చుకొన్న వర్తకుడు తెలివిగలవాడైనచో దానిని గుర్తించి వెనుకకు త్రోసివేయును. లేదా గుర్తించియు నోరు మెదపక మరియొకరికి అంటగట్టును. ఇట్లు చేతులు మారి మారి కడపట అది ఎవరి చేతిలో ఆగును? త్రాసు లేని చేతిలో, గీటురాయి లేని చేతిలో, అక్షరము రాని చేతిలో ఆగును. నాట్లు వేసి కూలి పుచ్చుకొన్న ఆడపడుచు, బీడీలు చుట్టి కూలి డబ్బు కండ్లజూచు తల్లి, గొఱ్ఱెను అమ్ముకొని సంతనుండి తిరిగివచ్చు కాపరి, వీరి కొంగులోనో రుమాలులోనో అది చేరి అక్కడ చచ్చును. మరునాడు ఉప్పు కొనబోయినపుడు అంగడివాడు దానిని చూచి, ఇది చెల్లదు పొమ్మనును. దొంగనాణెము చేసిన నష్టము రాజుది కాదు, షావుకారుది కాదు. చేతులన్నిటిలో కడపటి చేతిది. ఆ కడపటి చేతిని కాపాడుటకే నగరరక్షకుడు కావలసివచ్చినాడు.

ఇక శాస్త్రము మాట. కౌటిల్యుని అర్థశాస్త్రము చాలకాలము మరుగుపడియుండి, 1905లో మైసూరు గ్రంథాలయమున శామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చయినది. ఒక గ్రంథాలయములోని తాళపత్రముల కట్టనుండి ఇంత గ్రంథము వెలువడినదన్న మాట గ్రంథాలయోత్సవమున జ్ఞాపకము చేసికొనదగినది. ఈ గ్రంథమున నాణెములకు ఇద్దరు అధికారులు చెప్పబడినారు. టంకశాలను నడుపువాడు లక్షణాధ్యక్షుడు. చలామణీలోని నాణెములను పరీక్షించువాడు రూపదర్శకుడు.

లక్షణాధ్యక్షుడు చేయించు వెండి నాణెమున 16 పాళ్లకు 4 పాళ్లు రాగి, 1 పాలు ఇనుము, తగరము, సీసము మున్నగువానిలో నొకటి కలుపవలెనని విధి. తక్కిన 11 పాళ్లు వెండి. దీనినిబట్టి యొక సంగతి తెలియుచున్నది. కల్తీ యున్నంత మాత్రమున నాణెము దొంగది కాదు. మెత్తని వెండి అరుగకుండుటకై కలుపు రాగి నలుగురెరిగిన కొలత. ఎవరికిని చెప్పక కలిపినది మోసము. కొలత బహిరంగమైనచో ధర్మము, రహస్యమైనచో కూటము.

రూపదర్శకునికి విధించిన శిక్ష ఇంకను ఆలోచింపదగినది. అతడు చెల్లని నాణెమును చెల్లునన్నచో 12 పణముల దండుగ. చెల్లు నాణెమును చెల్లదన్నను అంతే 12 పణముల దండుగ. రెండు తప్పులకును ఒకే తూకము! దొంగను వదలిపెట్టుటయు, మంచివానిని దొంగయనుటయు సమానమైన అపరాధములని శాస్త్రకారుని తీర్పు. ఈ మాటను మనస్సున నుంచుకొనవలెను. ప్రసంగము చివర దీనితో పని గలదు.

ఇక వెదకువాని కథ. నాలుగవ అధికరణమునకు కంటకశోధనమని పేరు. ప్రజల కాలికి గుచ్చుకొను ముండ్లను ఏరివేయుట దాని పని. నగరము కాపు నాగరకుడను అధికారిది. కాని నాలుగు గోడల లోపల జరుగు కూటకర్మను వెలికిదీయుట సత్త్రి యను గూఢచారికి అప్పగింపబడినది. ఈ సత్త్రి ఎవడు? తల్లిదండ్రులు, బంధువులు లేక రాజు పోషింపవలసివచ్చిన బిడ్డ. రాజద్రవ్యముతో పెరిగి, లక్షణశాస్త్రము, అంగవిద్య మొదలైనవి చదివినవాడు. దిక్కులేని బిడ్డను పోషించి చదివించి, ఆ చదువును దిక్కులేనివారి మేలుకే వినియోగింపజేసిన పద్ధతి యిది.

ఇపుడు ఆ యువకుని నగరమున వదలి, శాస్త్రము చెప్పిన గుర్తుల వెంట వానిని నడిపించి చూతము. అంగడిలో దొంగనాణెములు కనబడుచున్నవని వర్తకులు మొఱపెట్టుకొనిరి. యువకుడు నాణెము వెంట పరుగెత్తడు. నాణెమునకు కాళ్లు లేవు. అది ఎవరి చేతిలో దొరకినదో ఆ చేయి దానిని చేసినది కాకపోవచ్చును. అందుచేత అతడు నాణెమును విడిచి, దానిని చేయుటకు కావలసిన సామానుల వెంట పోవును. బొగ్గులు మాటిమాటికి కొనువాడెవడు? పలురకముల లోహములు, క్షారములు కొనువాడెవడు? కొలిమితిత్తి, పటకారు, సమ్మెట, దాగలి, అచ్చు, ఉలి, మూస వీనినన్నిటిని ఒక్కడే పలుమార్లు కొనుచున్నాడా? వాని చేతులును బట్టలును మసితో, బూడిదతో, పొగతో పూసికొనియున్నవా? ఈ గుర్తులన్నియు కౌటిల్యుడు చెప్పినవే.

అట్టివాడొకడు కనబడినాడనుకొనుడు. బొగ్గు కొనుచున్నాడు, మూస కొనుచున్నాడు, చేతులు నల్లగా నున్నవి. ఆవేశపరుడైన భటుడైనచో అక్కడనే మెడబట్టి ఈడ్చుకొనిపోవును. కాని కమ్మరి చేతులును నల్లనివే. కంచరి యింటను మూస యుండును. కంసాలి యింట పటకారు లేకున్న పెండ్లికి మంగళసూత్రమెట్లు వచ్చును? నల్లని చేయి కొలిమికి సాక్షి. నేరమునకు సాక్షి కాదు. శాస్త్రకారుడు ఇక్కడ మిక్కిలి జాగరూకత చూపినాడు. ఆ గుర్తులు కలవానిని కూటరూపకారకుడని శంకింపవచ్చును అన్నంతవరకే చెప్పినాడు. శంకించిన పిమ్మట పట్టుకొనుమని చెప్పలేదు. సత్త్రి వానియొద్ద శిష్యుడుగా చేరి, వానితో ఇచ్చిపుచ్చుకొనుటలు జరిపి, నిజము తెలిసికొని, అటుపిమ్మట వెల్లడింపవలెనని చెప్పినాడు.

శిష్యుడుగా చేరుట! ఎంత కష్టమైన పని! తిత్తి ఊదవలెను. బొగ్గు మోయవలెను. తిట్లు తినవలెను. పని నేర్చుకొనవలెను. నెలలు గడువవచ్చును. ఆ యింటి ఉప్పు తిని, ఆ యింటి బిడ్డలను ఆడించి, కడపట ఆ యింటి యజమాని నిర్దోషియని తేలవచ్చును. అపుడు యువకుడు వట్టిచేతులతో తిరిగిపోవలెను. దానిలో సిగ్గుపడవలసినది లేదు. నిర్దోషిని నిర్దోషిగా తెలిసికొనుటయు రక్షకుని విజయమే. ఒకవేళ రహస్యపు గదిలో రాజముద్రకు దొంగ అచ్చు కంటబడినచో, అపుడు శంక పోయి జ్ఞానము కలిగినది. శంకకును జ్ఞానమునకును నడుమనున్న ఆ దూరమును ఓర్పుతో నడచుటయే నగరరక్షకుని ధర్మము. నేరము రుజువైనవానికి దేశబహిష్కారము విధింపబడినది.

ఆ ఓర్పు లేనిచో ఏమగునో కాళిదాసు చూపినాడు. అభిజ్ఞాన శాకుంతలము ఆరవ అంకమున జాలరియొకడు రాజముద్రికను అమ్మజూపి రక్షకభటులకు చిక్కును. చేప కడుపున దొరకినదని వాడు చెప్పిన మాట నిజము. భటులిద్దరును నమ్మరు. వానిని కొట్టుచు, వాని కులవృత్తిని ఎగతాళి చేయుచు, వధ్యశిలకు పంపు ఘడియకై ఎదురుచూచుచుందురు. వాని అదృష్టముచేత పై అధికారి ఉంగరమును రాజునకు చూపి రాగా నిజము తెలిసినది. ఉంగరము వెలకు సమానమైన ధనము జాలరికి బహుమానమైనది. అందులో సగము భటులకు కల్లు ఖర్చునకు పోయినది! ప్రేక్షకులు నవ్వుదురు. కాని ఆ నవ్వు వెనుక నున్న సంగతి నవ్వదగినది కాదు. ఉంగరమును రాజు చూడకపోయినచో ఆ జాలరి గతి యేమి? బీదవాని చేతిలో మంచి వస్తువు కనబడినంతనే అది దొంగసొత్తని నిశ్చయించు బుద్ధి ఆ భటులతోనే అంతరించిపోలేదు.

అనుకరణ మాత్రమే నేరము కాదనుటకు మన సీమలోనే నిదర్శనము గలదు. సంగారెడ్డి సమీపమున కొండాపురమను చోట 1940 తరువాత గులాం యజ్దానీగారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిగినవి. శాతవాహనుల నాటి పట్టణము బయటపడినది. వేలకొలది నాణెములతో పాటు రోమను చక్రవర్తుల నాణెములను అనుకరించి మట్టితో చేసిన బిళ్లలు దొరకినవి. మెడలో వ్రేలాడదీసికొనుటకై వానికి కొక్కెములు గలవు. సముద్రము దాటి వచ్చిన బంగారు నాణెమును కొనలేని సామాన్యులు దాని రూపమును మట్టిలో చేయించుకొని ముచ్చట తీర్చుకొనిరని ఊహింపవచ్చును. ఆ బిళ్లను మెడలో వేసికొన్నచో అది సొమ్ము. నాణెమని చెప్పి అంగడిలో చెల్లించిననే మోసము. వస్తువు ఒక్కటే కావచ్చును. బుద్ధి రెండు విధములు. అందుచేతనే పరీక్షింపవలసినది లోహమును మాత్రమే కాదు, మనుష్యుని ఉద్దేశమును గూడ.

కౌటిల్యుడు శిక్షలను నిర్ణయించునపుడు ఈ విషయమునే గమనించినాడు. దొంగనాణెము చేయించినవానికి మాత్రమే కాదు, దానిని పుచ్చుకొన్నవానికి, చలామణీ చేసినవానికి గూడ 1,000 పణముల దండుగ చెప్పినాడు. దానిని రాజకోశములో చేర్చినవానికి మరణదండన. కోశములో చేరిన దొంగనాణెము మరల జీతములుగా, కూలిగా ప్రజలలోనికే వచ్చును; అపుడు రాజు చేయియే మోసపు చేయి యగును. ఆ ప్రమాదమును తలంచియే కాబోలు, కోశమున చేరు నాణెమును ముందు రూపదర్శకుడు చూడవలెననియు, చెడ్డదానిని అక్కడికక్కడ ఖండింపవలెననియు మరియొకచోట విధించినాడు. ఖండించిన నాణెము మరల ఎవరిని మోసగింపజాలదు.

రాజే పొరపాటు చేసినచో ఎంత చురుకైన భటుడైనను చేయగలిగినది లేదు. ఇందుకు ఉదాహరణము మహమ్మద్ బిన్ తుగ్లకు. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిమ్మట తెలుగు సీమలో కొంతభాగము ఢిల్లీ ఏలుబడిలోనికి పోయినది. అటుతరువాత ఆరేడేండ్లకు ఆ సుల్తాను రాగి, ఇత్తడి బిళ్లలను ముద్రించి, వానిని వెండి టంకములతో సమానముగా పుచ్చుకొనవలెనని శాసించెను. అవి అనుకరించుటకు వీలులేని పనితనముతో చేసినవి కావు. ఏ కంచరియైనను అట్టివి చేయగలడు. ఇల్లిల్లును టంకశాల యైనదని ఆనాటి చరిత్రకారుడు బరనీ వ్రాసినాడు. పన్నులు దొంగబిళ్లలతో కట్టిరి; మంచి వెండిని పాతిపెట్టుకొనిరి. మూడు నాలుగేండ్లలో సుల్తాను శాసనమును రద్దుచేసి, బిళ్లలకు బదులు వెండి యీయవలసివచ్చెను. తుగ్లకాబాదున ఆ బిళ్లలు గుట్టలుగా పడియుండెనట. ఇల్లిల్లు టంకశాలయైన నగరమున రక్షకుడు ఎవరి యింట శిష్యుడుగా చేరవలెను? కావున మొదటి రక్షణ నాణెములోనే యుండవలెను; రెండవ రక్షణ భటుడు.

ఈ రెండింటిని ఒక్కచోట చేర్చినవాడు ఇంగ్లండు దేశపు న్యూటను. వస్తువులు నేలకు పడు కారణమును లెక్కగట్టిన ఆ మహాపండితుడే 1696లో లండను టంకశాలకు అధికారిగా వచ్చెను. పాత చేతి నాణెముల అంచులు కత్తిరించి వెండి దొంగిలించుట అపుడు సాధారణముగా నుండెను. వానిని కరగించి, అంచున గీతలుగల యంత్రపు నాణెములుగా మార్చు పని ఆయన కాలమున సాగినది. అంచున గీతలున్నచో కత్తిరించిన చోటు కంటికి తెలిసిపోవును. నేటి నాణెముల అంచున కనబడు గీతలకు మూలమిదియే. దొంగలను పట్టు పని తనకు వలదని ఆయన మొదట కోరెను, ప్రభుత్వము ఒప్పుకొనలేదు. అంతట గూఢచారులను పెట్టి, నూటికి పైగా వాఙ్మూలములు స్వయముగా సేకరించెను. విలియం చాలనరు అను ఆరితేరిన దొంగ టంకశాలవారే దొంగలని పార్లమెంటులో ఫిర్యాదుచేసి, ఆ నెపమున టంకశాలలో ప్రవేశింపజూచెను. న్యూటను తొందరపడలేదు, సాక్ష్యమునకు సాక్ష్యము కూర్చెను. 1699లో చాలనరునకు ఉరిశిక్ష పడినది. నేటి కాలమున ఆ శిక్ష కఠినముగా తోచవచ్చును. కాని శంకను రుజువుగా మార్చిన ఓపికయందు న్యూటనునకును కౌటిల్యుని సత్త్రికిని భేదము లేదు.

హైదరాబాదు రాజ్యమున నాణెముల చరిత్ర మన పెద్దల జ్ఞాపకములలో ఇంకను మిగిలియున్నది. పూర్వము ఇక్కడ ఒక్క టంకశాల కాదు, అనేకము. రాజధానిలోనే గాక గద్వాల, నారాయణపేట మున్నగు చోట్లను నాణెములు ముద్రింపబడెడివి. ఔరంగాబాదున 1832 మొదలు పదేండ్లపాటు పెస్తంజీ మెహర్జీ యను పారసీ షావుకారు ముద్రించిన రూపాయికి పెస్తన్‌షాహీ యని పేరు. ఒక్కొక్క రూపాయికి ఒక్కొక్క తూకము, ఒక్కొక్క వన్నె. ఇన్ని రకములున్నచోట దొంగనాణెమునకు దాగుకొనుటకు చోటు వెదకుకొన పనిలేదు. రైతు తెచ్చిన మంచి రూపాయిని గూడ శరాబు, ఇది ఫలానా ఊరి సిక్కా, ఇంత బట్టా తగ్గునని కోయవచ్చును. బట్టా యనగా మారకపు కోత. దొంగ చేసిన పనియు, బట్టా కోసిన పనియు కడపటి చేతికి ఒక్కటే.

1853 మొదలు 1883 వరకు దివానుగా నున్న మొదటి సాలార్‌జంగు ఈ గందరగోళమును చక్కబెట్ట బూనెను. బయటి టంకశాలలు క్రమముగా మూతపడి, రాజధాని టంకశాలయే నిలిచినది. అక్కడ ముద్రించిన రూపాయికి హాలీ సిక్కా యని వాడుక. హాలీ యనగా ఇప్పుడు చెల్లునది యని అర్థము. 1903 ప్రాంతమున సైఫాబాదున యంత్రముల టంకశాల నెలకొని, చార్మినారు బొమ్మగల రూపాయి వెలువడినది. ఆ బొమ్మలోని ద్వారమున ఒక్క అక్షరము ముద్రింపబడెను. మహబూబు అలీఖాను కాలమున మీము, 1911లో ఉస్మాను అలీఖాను వచ్చిన పిమ్మట ఐను. ఫార్సీ చదువురాని పల్లెవాడైనను ద్వారములో నున్న ఆ గుర్తును చూచి పోల్చుకొనవచ్చును. సన్నని పనితనము, సమమైన అంచు, ద్వారములోని అక్షరము, ఇవి చేతి అచ్చుతో దొంగనాణెము చేయువానికి కష్టమైన పనులు.

అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. బ్రిటిషువారి కల్దారు రూపాయి 180 గ్రెయినులు, అనగా సరిగా తులము తూగును. దానిలో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. హాలీ రూపాయిలో వెండి అంతకంటె తక్కువ. సర్కారు లెక్కలలో కల్దారు 100 రూపాయలకు హాలీ 116 రూపాయల 10 అణాల 8 పైసలు. సులభముగా చెప్పినచో 6 కల్దారులకు 7 హాలీలు. ఈ లెక్క తెలియనివాడు సరిహద్దు దాటినపుడెల్ల నష్టపోవలసినదే. అక్షరమురాక దొంగనాణెము పుచ్చుకొన్నవానికిని, లెక్కరాక మంచి నాణెముచేతనే మోసపోయినవానికిని మందు ఒక్కటే, అది చదువు. 1918లో కాగితపు నోట్లును వచ్చినవి. 1950 తరువాత భారత రూపాయియే నిలిచి, హాలీ సిక్కా క్రమముగా చలామణీనుండి తప్పుకొన్నది. నేడది పెట్టెల అడుగున, వస్తు ప్రదర్శనశాలలలో, ముసలివారి మాటలలో మిగిలినది.

ఇక నేటి మాట. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 241వ సెక్షను ఒకటి యుండెను. దొంగనాణెమును తెలియక పుచ్చుకొని, తరువాత దొంగదని తెలిసియు, మంచిదని మరియొకరికి అంటగట్టినవాడు శిక్షార్హుడు. రెండేండ్ల వరకు ఖైదు, లేదా నాణెము విలువకు పదిరెట్ల వరకు జుర్మానా, లేదా రెండును. 2024 జూలై 1 నుండి ఆ స్మృతికి బదులు భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. దాని 178వ సెక్షను ప్రకారము నాణెమునైనను నోటునైనను దొంగగా తయారుచేసినవానికి యావజ్జీవ కారాగారమో, పదేండ్ల వరకు ఖైదో, జుర్మానాతో కూడ విధింపవచ్చును. దొంగదని తెలిసి, చెల్లించు తలంపుతో దగ్గర నుంచుకొనుటయు నేరమే. తెలియక మోసపోయినవాడు నేరస్థుడు కాడు. తెలిసిన క్షణమునుండి బాధ్యత అతనిది.

అందుచేత ఒక్కొక్కరి జీవితమున ఒక చిన్న పరీక్ష ఎదురగును. దొంగనోటొకటి చేతికి వచ్చినది. ఎవరిచ్చిరో తెలియదు. పోయినది రక్తము చెమటగా చేసి సంపాదించిన సొమ్ము. చీకటివేళ ఎవరికో అంటగట్టినచో నష్టము తీరిపోవును. ఆ చీకటిలో ఏ భటుడును చూచుచుండడు. అపుడు పుచ్చుకొనువాని ముఖము చూడవలెను. వాడు తనకంటె తెలివిగలవాడైనచో పుచ్చుకొనడు. కావున ఎల్లప్పుడును తనకంటె అమాయకునికే అంటగట్టవలసివచ్చును. దొంగనోటు మెట్లు దిగు విధమిది. మన నాగన్న బావి మెట్లవలె ఒక్కొక్క మెట్టు దిగి, అడుగున నున్నవానిని చేరును. ఎవడో ఒకడు తన మెట్టుమీద దానిని ఆపవలెను. నోటును బ్యాంకునకు తీసికొనిపోయినచో వారు దానిపై దొంగనోటని ముద్రవేసి ఉంచుకొని రసీదు ఇత్తురు. బదులు సొమ్ము ఈయరు. నష్టము నిజమే. కాని అది అక్కడితో ఆగినది. శాస్త్రకారుడు ఖండింపుమన్న పని అదియే.

దీనికి రెండవ పక్కయు గలదు. కొన్నియేండ్ల క్రిందట 10 రూపాయల నాణెము చెల్లదని మన తెలుగు సీమలో ఒక పుకారు పుట్టినది. 10 గీతలున్నది మంచిదట, 15 గీతలున్నది దొంగదట. రూపాయి గుర్తు లేనిది అసలే చెల్లదట! చెల్లని రూపాయికి గీతలెక్కువ యను సామెతను జనులు అక్షరాలా నమ్మినట్లున్నది. అంగడివారు పుచ్చుకొనలేదు. బస్సులోనివారు పుచ్చుకొనలేదు. బిచ్చగాడును వలదనెను. భారత రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో స్పష్టముగా ప్రకటించినది. ఆనాటికి 14 నమూనాలలో 10 రూపాయల నాణెములు వెలువడినవి. అవి అన్నియు చెల్లును. రూపాయి గుర్తు 2010లో నిర్ణయింపబడినది గనుక అంతకుముందటి నాణెములపై అది లేకుండుట సహజము. ఇంత చిన్న సంగతి తెలియక ఎందరు కూలివారి చేతిలో మంచి నాణెములు రాళ్లయినవి! ఇక్కడ దొంగ అచ్చు లేదు, కొలిమి లేదు, మూస లేదు. చెల్లునదానిని చెల్లదన్న నోరు మాత్రమున్నది. కౌటిల్యుని రూపదర్శకుడు నేడుండినచో ఊరూర ఎందరిచేత 12 పణములు కట్టించియుండునో!

కావున, మహాశయులారా, దొంగనాణెము రెండు విధముల పుట్టును. ఒకటి కొలిమిలో పుట్టును. దానిని పట్టుటకు భటుడు గలడు. మరియొకటి పుకారులో పుట్టును. దానిని పట్టుటకు ఏ కొత్వాలును చాలడు. దానికి ప్రతి చేతియందును నోటకాని నేర్పు కావలెను. వినిన మాటను వెంటనే నమ్మక, వెంటనే త్రోసివేయక, తూచి, గీసి, మ్రోగించి చూచు అలవాటు కావలెను. నాణెమునకు మాత్రమే కాదు, మనుష్యుల మీద వచ్చు నిందలకును ఈ పరీక్షయే తగినది. పొరుగువాని చేతులు నల్లగా నున్నవని ఎవరైన చెప్పినపుడు, వాడు కమ్మరియేమో అని ఒక్కసారి ఆలోచించినచో ఎన్ని తగవులు ఊరిలో పుట్టకుండును!

ఆ అలవాటు నేర్పు చోటు గ్రంథాలయము. ఇక్కడ బీరువాలో నున్న పుస్తకములలో కొన్ని బంగారము, కొన్ని వెండి, కొన్ని కేవలము మెరుగు పూసిన రాగి. అన్నిటిని చదివినవానికే వన్నె తెలియును. పత్రిక చదువనేర్చిన ఒక్క బాలుడు తన యింటివారికి 10 రూపాయల నాణెమును గూర్చిన ప్రకటన చదివి వినిపించినచో, ఆ యింట ఒక రూపదర్శకుడు వెలసినట్లే. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము ఊరికి గీటురాయిగా నిలిచినది. గీటురాయి నల్లగానే యుండును. దానికి స్వంతముగా మెరుపు లేదు. కాని ఊరిలోని బంగారమునకంతకును విలువకట్టునది అదియే. అది అరుగకుండునట్లు చూచుకొను భారము పాఠకులది. ఊరిలో కడపటి చేయి సైతము అక్షరమును పట్టనేర్చిననాడు, దొంగనాణెమునకు లింగంపేట సంతలో ఆగు చోటు దొరకదు.

శుభమస్తు.